ఎనిమిదో ఫ్రేములో ఎవరిని పెట్టాలి?

నల్లబల్ల (శనివారం, రాత్రి 9:12)

నేను అమ్మాయిల హాస్టల్ ఒకటి చూసుకుంటాను. కిందటి నెల చదువుకునే హాలుకి రంగులు వేయించాం. ఒక గోడ మీద ఎనిమిది ఫ్రేములు తగిలించి పైన ‘మన హీరోలు’ అని రాయిద్దామనుకున్నాం. ఎనిమిదీ ఆడవాళ్ళవే. కమిటీ వాళ్ళు పావుగంటలో ఏడు పేర్లు చెప్పేశారు: రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి, జోన్ ఆఫ్ ఆర్క్, మేరీ క్యూరీ, మదర్ థెరిసా, కల్పనా చావ్లా, మలాలా. ఎనిమిదో దాని దగ్గర బండి ఆగిపోయింది. ఒకరు సినిమా నటి పేరు చెప్పారు, ఇంకొకరు కోప్పడ్డారు, మీటింగ్ అక్కడితో సరి. వారం నుంచి ఆ ఫ్రేములో కొన్నప్పుడు వచ్చిన పూలబొమ్మే ఉంది.

నా ఇబ్బంది పేర్లు దొరక్క కాదు, ఏ లెక్కన ఎంచాలో తెలియక. పేరు చెప్పేవాళ్ళు ఎందుకో కూడా చెప్పండి. ‘గొప్ప మహిళ’ అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

మూడోబెంచి

ముందు ఆ మాట సంగతి చూడాలండీ. మనకి హీరో అంటే మగాడు. హీరోయిన్ అంటే పాటల్లో కనిపించే అమ్మాయి. ఆడమనిషిని నిజంగా హీరో అనాలంటే ‘వీరనారి’ అంటాం, ఆ మాట చెవిన పడగానే గుర్రం, కత్తి, వీపున బిడ్డ. అది కాకపోతే ‘త్యాగమూర్తి’. అంటే చంపాలి, లేకపోతే తాను పోవాలి. బతికుండి, బుర్ర వాడి, పని చేసుకుపోయే ఆవిడకి మన దగ్గర మాటే లేదు. మీ గోడ మీద ముగ్గురి చేతిలో కత్తి ఉంది, గమనించారా?

నల్లబల్ల

లేదు. ఇప్పుడే హాల్లోకి వెళ్ళి చూసొచ్చాను. మూడే.

అడ్డుప్రశ్న

అసలు ‘ఆడ హీరోలు’ అని విడిగా గోడ ఎందుకు? హీరో అయితే హీరోనే. ఇలా వేరు చేస్తే వాళ్ళకి రిజర్వేషన్ కోటాలో సీటిచ్చినట్టుంటుంది.

మూడోబెంచి

అన్నీ కలిపి పెట్టిన గోడలు చాలా చూశాం కదండీ. పది ఫొటోల్లో ఒక్క ఆవిడ ఉంటుంది, ఆవిడ కూడా ఎవరి భార్యో రాసి ఉంటుంది.

చెట్టునీడ

మా అమ్మ. నాకు ఇంకెవరూ గుర్తు రారు. ఏ అమ్మయినా హీరోనే.

మూడోబెంచి

చెట్టునీడ గారూ, మీ అమ్మగారి మీద గౌరవంతోనే అంటున్నాను, తప్పుగా తీసుకోకండి. ‘అమ్మలందరూ హీరోలే’ అన్నప్పుడల్లా నాకు అనుమానం వస్తుంది. ఆ మాట అనేసి మనం హాయిగా కూర్చుంటాం, ఆవిడ గిన్నెలు తోముతూనే ఉంటుంది. దేవతని చేస్తే జీతం ఇవ్వక్కర్లేదు, సెలవూ ఇవ్వక్కర్లేదు. పైగా అందరూ హీరోలే అయితే నల్లబల్ల గారు ఫ్రేములో అద్దం పెట్టుకోవాల్సిందే.

రాత్రి డ్యూటీ (ఆదివారం, ఉదయం 6:40)

డ్యూటీ దిగి చదువుతున్నాను. పుట్టిన పిల్లల వార్డులో పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న నర్సుని. నా ఓటు వర్జీనియా అప్గార్‌కి. అమెరికాలో మత్తు డాక్టరు. 1952లో ఒక పద్ధతి చెప్పింది, మరుసటి ఏడాది అచ్చయింది. దానికే ఆవిడ పేరు: అప్గార్ స్కోర్.

బయటివాళ్ళకి అర్థం కావాలంటే లేబర్ రూమ్‌లో ఒక నిమిషం చెప్తాను. బిడ్డ బయటికొచ్చింది. గడియారం మొదలు. గుండె కొట్టుకోవడం ఎంత, ఊపిరి ఎలా ఉంది, కాళ్ళూ చేతులూ ముడుస్తోందా లేక గుడ్డ ముక్కలా వేలాడుతోందా, గిల్లితే మొహం చిట్లించిందా, ఒంటి రంగేమిటి. ఐదు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. ఒకటో నిమిషంలో ఒకసారి, ఐదో నిమిషంలో మళ్ళీ. ఒకటో నిమిషంలో పదికి పది చాలా అరుదు, ఎందుకంటే ఎంత మంచి బిడ్డకైనా అరచేతులూ అరికాళ్ళూ ఇంకా నీలంగానే ఉంటాయి. అక్కడొక మార్కు పోతుంది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి టెన్షన్ పడతారు.

ఆవిడ కొత్త మందు కనిపెట్టలేదు, మిషన్ కనిపెట్టలేదు. అంతకుముందు పుట్టగానే డాక్టర్ల కళ్ళన్నీ తల్లి మీదే ఉండేవి. నీరసంగా పుట్టిన బిడ్డని ‘ఇక లాభం లేదు’ అని పక్కన పెట్టేయడం జరిగేది. మార్కు వేయాలంటే బిడ్డ వైపు చూడాలి కదా. మూడు మార్కులు వస్తే ఎవరో ఒకరు పరిగెత్తాలి కదా. అదీ ఆవిడ చేసింది.

గోడగడియారం

సిస్టర్, ఇది తెలియదు నాకు. మా పిల్లాడి డిశ్చార్జ్ కాగితంలో 8, 9 అని రాసుంటే బరువనుకున్నాను.

అడ్డుప్రశ్న

గొప్ప పనే. కానీ హీరోనా? ఆవిడకి ప్రమాదమేముంది? ఎవరైనా వద్దన్నారా, బెదిరించారా? తెలివి వేరు, ధైర్యం వేరు. ఆ లెక్కన స్టెతస్కోప్ కనిపెట్టినవాడూ హీరోనే.

రాత్రి డ్యూటీ

మీరన్నది ఆలోచించాల్సిందే. నాకైతే రోజూ చేతిలో ఉండే మనిషి ఆవిడ. హీరో కాదంటే కాదనుకోండి, నేను మాత్రం మార్చుకోను.

గోడగడియారం

అయితే హెన్రియెట్టా లాక్స్? 1951లో క్యాన్సర్‌తో చనిపోయింది, 31 ఏళ్ళు, ఐదుగురు పిల్లలు. ఆవిడ కణాలు తీసి ల్యాబులో పెంచారు. మనిషి కణాలు అలా ఆగకుండా పెరగడం అదే మొదటిసారి. పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి ఎన్నింటికి పనికొచ్చాయో లెక్కలేదు. హీలా కణాలు అంటే ఆవిడ పేరులోని మొదటి అక్షరాలే.

మూడోబెంచి

ఆవిడని అడగలేదు కదండీ. కణాలు తీసుకున్నట్టు ఆవిడకి తెలియదు, కుటుంబానికి ఇరవై ఏళ్ళకి పైగా తెలియదు. ఆవిడకి లోకం బాకీ పడింది, నిజం. బాకీకి బదులు హీరో అని బిరుదిచ్చి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. హీరో అంటే ఒప్పుకునో, కాదనో ఉండాలి. ‘నేను పక్కకి తప్పుకోవచ్చు, అయినా తప్పుకోను’ అనే క్షణం ఒకటి ఉండాలి. ఆవిడకి ఆ క్షణమే లేకుండా చేశారు.

సిరాచుక్క

ఆ క్షణం గురించే అయితే ఇరేనా సెండ్లర్. పోలండ్‌లోని వార్సాలో సంక్షేమ శాఖ ఉద్యోగిని. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని గోడ కట్టి లోపల పెట్టినప్పుడు, టైఫస్ జ్వరాల తనిఖీ పేరు మీద లోపలికి వెళ్ళే పాసు ఆవిడకి ఉండేది. ఆ పాసుతో తనూ తోటివాళ్ళూ కలిసి పిల్లల్ని బయటికి తెచ్చారు, అంబులెన్సుల్లో, గోతాల్లో, పెట్టెల్లో. మొత్తం దాదాపు 2,500 మంది అంటారు.

నాకు అంతకన్నా పెద్దగా అనిపించేది ఇంకొకటి. బయటికొచ్చిన ప్రతి పిల్లకీ కొత్త పేరు, కొత్త ఇల్లు. అసలు పేరు, కొత్త పేరు, ఎక్కడుందో, అంతా పల్చటి కాగితాల మీద రాసి జాడీల్లో పెట్టి ఒక స్నేహితురాలి పెరట్లో ఆపిల్ చెట్టు కింద పాతిపెట్టింది. పట్టుబడితే ఆ కాగితాలే ఉరితాడు. అయినా ఎందుకు రాసినట్టు? యుద్ధం అయ్యాక ఆ పిల్లని కన్నవాళ్ళకి తిరిగి అప్పజెప్పాలి కదా అని. 1943లో నాజీల రహస్య పోలీసు గెస్టాపో పట్టుకుని కాళ్ళు విరగ్గొట్టింది. ఒక్క పేరు చెప్పలేదు. తోటివాళ్ళు లంచమిచ్చి తప్పించారు. యుద్ధం అయ్యాక జాడీలు తవ్వి తీశారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి కన్నవాళ్ళు మిగల్లేదు.

చెట్టునీడ

ఇది చదివాక కాసేపు ఇంకేమీ చదవలేదు.

మూడోబెంచి గారికి. పొద్దున మీ మాటకి నొచ్చుకున్నాను, నిజం చెప్పాలంటే. తర్వాత ఆలోచించాను. మా అమ్మ వంట చేసిందనో, మమ్మల్ని పెంచిందనో నేను హీరో అనలేదు, కానీ ఎందుకన్నానో రాయలేదు. ఒక యాక్సిడెంట్‌ని కళ్ళారా చూసింది. గుద్దినవాడు బాగా పలుకుబడి ఉన్న ఇంటివాడు. చూసినవాళ్ళు ఇంకా నలుగురున్నారు, అందరూ ‘మేం అప్పుడే లోపలికెళ్ళాం’ అన్నారు. అమ్మ ఒక్కతే ‘చూశాను’ అంది. తొమ్మిది వాయిదాలు తిరిగింది. సమన్ల కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళేది, నాలుగుసార్లు జడ్జి రాలేదని తిరిగొచ్చింది. వెళ్ళిన రోజు కూలి పోయేది. పక్కింటివాళ్ళు మాట్లాడటం మానేశారు. చనిపోయిన కుర్రాడు మాకు ఏమీ కాడు.

మూడోబెంచి

అయితే మీ అమ్మగారు హీరోనే. అమ్మ అయినందుకు కాదు, ‘చూశాను’ అన్నందుకు. నేను తొందరపడ్డాను, క్షమించండి.

అడ్డుప్రశ్న

కేసు ఏమైంది?

చెట్టునీడ

కొట్టేశారు. సాక్ష్యం ఒక్కటే అని.

పాతఫైలు (ఆదివారం, మధ్యాహ్నం 3:25)

రిటైరై ఆరేళ్ళయింది, ఇలాంటివి రాయడం అలవాటు లేదు. పొడుగైతే సర్దుకోండి.

ఫ్రాన్సెస్ కెల్సీ అని ఒకావిడ. పుట్టింది కెనడాలో. 1936లో షికాగోలో పరిశోధన ఉద్యోగానికి ఉత్తరం రాస్తే ‘డియర్ మిస్టర్’ అని జవాబొచ్చింది. ఫ్రాన్సెస్ అనే పేరు చూసి మగాడనుకున్నారు. చెబుదామా మానుదామా అని తన ప్రొఫెసర్‌ని అడిగితే, నోరు మూసుకుని ఒప్పుకో, సంతకం పక్కన ‘మిస్’ అని పెట్టు చాలు అన్నాడట. అలా చేరింది. మరుసటి ఏడాదే అమెరికాలో తీపి సిరప్‌లా అమ్మిన ఒక మందు తాగి వందమందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. మందులో విషమేదో తేల్చిన బృందంలో ఈవిడ ఉంది. తర్వాత కుందేళ్ళ మీద క్వినైన్ పరీక్షలు చేస్తూ, తల్లికి పడిన మందు కడుపులో పిల్లకి పడకపోవచ్చని గమనించింది.

1960లో అమెరికా మందుల అనుమతి శాఖలో చేరింది. కొత్త ఉద్యోగి కదా, సులువైన ఫైలు ఇద్దామని ఒకటి ఇచ్చారు. నిద్రమాత్ర. పేరు థాలిడోమైడ్. అప్పటికే ఐరోపాలో అమ్ముతున్నారు, వేవిళ్ళకి కూడా వాడుతున్నారు. అప్పటి చట్టం ప్రకారం శాఖ 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే మందుకి అనుమతి వచ్చేసినట్టే. ఈవిడ ‘వివరాలు చాలవు’ అని వెనక్కి పంపింది. కంపెనీ ఇంకొన్ని కాగితాలు పెట్టింది. మళ్ళీ 60 రోజులు. మళ్ళీ వెనక్కి. ఇలా ఏడాదికి పైగా. ఈలోపు ఆ మందు వాడినవాళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఒక బ్రిటిష్ డాక్టరు రాసిన ఉత్తరం ఆవిడ కంట పడింది. నరాల్ని దెబ్బతీసే మందు కడుపులో బిడ్డని ఏం చేస్తుంది, ఆ వివరాలు ఇవ్వండి అంది. కంపెనీవాళ్ళు పైఅధికారులకి ఫోన్లు, ఫిర్యాదులు. మొండిది, చిన్నచిన్న విషయాలకి పట్టుకుని కూర్చుంటుందని.

1961 నవంబరులో జర్మనీలో నిజం బయటపడింది. చేతులూ కాళ్ళూ ఎదగకుండా పుట్టిన పిల్లలు ప్రపంచం మొత్తం మీద 10,000కి పైగా ఉంటారని అంచనా. అమెరికాలో 17 మంది, అదీ ఎక్కువగా ట్రయల్ పేరుతో కంపెనీ డాక్టర్లకి ముందే పంచిన మాత్రల వల్ల.

నాకు తెలిసి ఆవిడ చేసిందల్లా సంతకం పెట్టకపోవడం.

అడ్డుప్రశ్న

అంటే ఆవిడ పని ఆవిడ చేసింది. జీతం తీసుకున్నందుకు. దీనికి హీరో అనాలా సార్?

పాతఫైలు

ఆఫీసులో పనిచేసిన మనిషి ఆ ప్రశ్న వేయడండీ.

మా ఆఫీసులో ఒక జూనియర్ అసిస్టెంట్ ఉండేది, కొత్తగా చేరింది. సరుకు రాకుండానే బిల్లొచ్చింది, మార్చి నెలాఖరు, అందరూ హడావిడి. ఫైలు ఆవిడ టేబుల్ మీదకెళ్ళింది. ‘స్టాకు రిజిస్టరులో ఎంట్రీ లేదు’ అని పెన్సిల్‌తో కాదు, ఇంకుతో రాసి వెనక్కి పంపింది. మూడుసార్లు. మూడోసారి ఆఫీసరు పిలిచి నవ్వుతూనే మాట్లాడాడు, కాఫీ తెప్పించాడు. బయటికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది, పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ ఫైల్లో ఆవిడ పేరుకి పైన నా ఇనీషియల్ ఉంది. నేను మొదటి రోజే పెట్టేశాను. చదివే పెట్టాను. తర్వాత ఆవిడకి బదిలీ అయితే రిలీవింగ్ ఆర్డరు నా చేత్తోనే ఇచ్చాను.

పని చేయడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అప్పటికి నా సర్వీసు పదహారేళ్ళు.

అడ్డుప్రశ్న

సరే సార్. వెనక్కి తీసుకుంటున్నాను.

గోడగడియారం

ఒక మాట చేర్చనివ్వండి. కెల్సీ ఒక్కతే కాదు, ఆ ఫైలు చూసినవాళ్ళలో రసాయన నిపుణులొకరు, మందుల నిపుణులొకరు కూడా ఉన్నారు. ముగ్గురూ అభ్యంతరాలు చెప్పారు. ఆ పేరు ఒక్కరికే రావడం మీద ఆవిడే ఎన్నోసార్లు తోటివాళ్ళని గుర్తు చేసింది.

సిరాచుక్క

ఒక్కరి పేరే నిలబడటం అన్నారు కాబట్టి అమెరికాలోని మాంట్‌గొమరీ బస్సుల సంగతి. నల్లజాతి ఆవిడ రోజా పార్క్స్ 1955 డిసెంబరు 1న తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనంది, అందరికీ తెలుసు. అంతకు తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ స్కూలు పిల్ల అదే ఊళ్ళో అదే పని చేసి అరెస్టయింది. చిన్నపిల్ల, పేదింటిది, తర్వాత గర్భవతి అయింది కూడా. పెద్దలు ఈ ముఖంతో ఉద్యమం నడవదనుకున్నారు. పార్క్స్ తక్కువేమీ కాదు, ఏళ్ళ తరబడి హక్కుల సంఘంలో పనిచేసిన మనిషి. కానీ కోర్టులో గెలిచిన కేసు వేసిన నలుగురు ఆడవాళ్ళలో పార్క్స్ లేదు, కాల్విన్ ఉంది. ఆ అరెస్టు రికార్డు కొట్టేయించుకోవడానికి ఆవిడకి 2021 దాకా పట్టింది.

ఇంకొకావిడ జో ఆన్ రాబిన్సన్. కాలేజీ టీచరు. పార్క్స్ అరెస్టయిన రాత్రే కాలేజీకెళ్ళి, సోమవారం బస్సులెక్కొద్దని కరపత్రాలు వేల కొద్దీ తెల్లారేసరికి సైక్లోస్టైల్ చేసింది. సాయానికి ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు. కాలేజీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ బహిష్కరణ 381 రోజులు సాగింది.

పాతఫైలు

సైక్లోస్టైల్ మిషన్ నేను తిప్పాను సిరాచుక్క గారూ. స్టెన్సిల్ మీద టైపు కొడుతుంటే ‘ఓ’ అక్షరం దగ్గర మైనం ఊడి చిల్లు పడుతుంది. ఇంకు చేతులకంటితే రెండు రోజులు పోదు. అయిదొందల కాపీలు తీసేసరికి భుజం పట్టేసేది. రాత్రంతా వేల కాపీలంటే మరునాడు క్లాసు ఎలా చెప్పిందో ఆవిడ.

మూడోబెంచి

మనం చెప్పినవాళ్ళందరూ కాగితం మనుషులే చూడండి. మార్కుల కాగితం, జాడీలో కాగితం, సంతకం పెట్టని కాగితం, కరపత్రం. ఆఖరికి చెట్టునీడ గారి అమ్మగారి సమన్లు. నల్లబల్ల గారి గోడ మీద ముగ్గురు కత్తి పులులు, ఇక్కడేమో కాగితం పులులు.

గోడగడియారం

దూబగుంట రోసమ్మ గారిని మరిచిపోతున్నాం. ఆవిడకి కాగితంతో పని లేదు. కాదు, ఉంది. అక్షరాస్యత తరగతుల్లోనే కదా సారా వద్దన్న మాట మొదలైంది. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆవిడ పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు మనకి తెలియవు.

అడ్డుప్రశ్న

నాది ఇంకో సందేహం, ఇది గిల్లడానికి కాదు. మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ ఫొటో ఒకప్పుడు ఎన్ని గోడల మీద ఉండేదో. దాదాపు పదిహేనేళ్ళు గృహనిర్బంధం, 1991లో నోబెల్. తర్వాత 2019లో హేగ్ కోర్టుకి వెళ్ళి, అక్కడి ముస్లిం మైనారిటీ రోహింగ్యాల మీద దాడులు చేసిన సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. 2021లో అదే సైన్యం ఆవిడని మళ్ళీ లోపలేసింది. ఫ్రేము దించాలా, ఎక్కించాలా, మళ్ళీ దించాలా?

సిరాచుక్క

నేనైతే మనిషిని కాదు, పనిని ఫ్రేము కడతాను. నిర్బంధంలో ఉన్న ఆవిడ హీరోనే. హేగ్‌లో నిలబడ్డ ఆవిడ కాదు. హీరో అన్న మాటకి జీవితకాల గ్యారంటీ ఉండదు.

నల్లబల్ల

చెప్పడం సులువే గానీ, పదిహేనేళ్ళ పిల్లలకి ఫొటో కింద అంత రాయలేం కదా సిరాచుక్క గారూ. వాళ్ళకి కనిపించేది మొహం.

రాత్రి డ్యూటీ

పాత ఏడుగురి కింద ఏం రాస్తున్నారు? మేరీ క్యూరీ కింద రెండు నోబెల్‌లు అని మాత్రం రాయకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్స్‌రే మిషన్లని వ్యాన్లలోకి ఎక్కించి, డ్రైవింగ్ నేర్చుకుని, కూతురితో కలిసి యుద్ధభూమి దగ్గరికెళ్ళింది. దాదాపు 150 మంది ఆడవాళ్ళకి ఆ పని నేర్పింది. గాయంలో తూటా ఎక్కడుందో తెలియకుండా కోయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది రాయండి.

నల్లబల్ల (గురువారం, రాత్రి 8:50)

మీటింగ్ అయింది. కెల్సీ పేరు చెబితే ‘ఎవరావిడ’ అన్నారు. పాతఫైలు గారి పోస్టు ప్రింటు తీసి చదివాను, రెండో పోస్టుతో సహా. కమిటీలో ఒకాయన రిటైర్డు ఆఫీసరు, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు, ఏమీ అనలేదు. ఒప్పుకున్నారు.

ఇప్పుడొక చిక్కు. మంచి క్వాలిటీలో దొరికింది 1962లో ప్రెసిడెంట్ కెనెడీ ఆవిడకి పతకం ఇస్తున్న ఫొటో. అది పెడితే పిల్లలు కెనెడీనే చూస్తారు.

అడ్డుప్రశ్న

క్రాప్ చేయండి.

నల్లబల్ల

చేశాను. ఆయన చెయ్యి కొంచెం మిగిలింది. అది కూడా తీసేస్తే పతకం పోతోంది.

పాతఫైలు

పతకం పోతే పోనివ్వండి మేడమ్. పెన్ను ఉన్న ఫొటో ఏదైనా దొరుకుతుందేమో చూడండి.